జాంగలం, ఆనూపం: భారత మృగసంపద చరిత్రలో మరుగున పడిన ఒక విభజన

ఆంగ్లభాష భారతదేశం నుంచి స్వీకరించిన పదాలలో ‘జంగిల్’ ఒకటి. ఆ మాట వినగానే ఎండపొడ నేలకు సోకని దట్టమైన అరణ్యం, చెట్లను పెనవేసుకున్న తీగలు, తేమ నిండిన గాలి మనసులో మెదులుతాయి. ఈ పదానికి మూలమైన సంస్కృత ‘జాంగలం’ మాత్రం దాదాపు ఇందుకు విరుద్ధమైన నేలను సూచించేది. ఆయుర్వేద గ్రంథాల వర్ణన ప్రకారం జాంగలదేశం నీరు కొద్దిగా, ఆకాశం విశాలంగా ఉండే మెట్టప్రాంతం. అక్కడ గాలి పొడిగా వీస్తుంది. జమ్మి, చండ్ర, రేగు వంటి చెట్లు పెరుగుతాయి. హస్తినాపుర ప్రాంతానికి మహాభారతంలో కురుజాంగలమనే పేరు ఉంది. థార్ ఎడారిలోని బికనీర్ సీమను పూర్వం జాంగలదేశమని వ్యవహరించేవారు; అక్కడి సంస్థానాధీశుల బిరుదులో సైతం ఆ పేరు నిలిచి ఉంది.

పదాల అర్థం తలకిందులు కావడం భాషాచరిత్రలో అరుదైన విషయం కాదు. అయితే ఈ ఒక్క పదం విషయంలో అర్థంతో పాటు నేలను గురించిన ఒక వివేకం కూడా మరుగున పడింది. ఏ మృగం ఏ నేలపై, ఏ మేతతో బతుకుతుందన్న పరిజ్ఞానం ఈ దేశంలో రెండు వేల సంవత్సరాల క్రితమే ఒక క్రమమైన విభజనగా రూపొందింది. ఆ విభజన చరిత్రను పరిశీలిస్తే కొన్ని మృగాలు నేడు ఎందుకు కనుమరుగైనాయో కూడా కొంతవరకు బోధపడుతుంది.

వైద్యగ్రంథాలలో మృగవిభజన

చరకసంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయం ఆహారపదార్థాల గుణదోషాలను వివరిస్తుంది. అందులో మాంసాన్నిచ్చే ప్రాణులను ఎనిమిది వర్గాలుగా విభజించారు. బలంగా లాక్కుని తినేవి ప్రసహాలు, బొరియలలో నివసించేవి భూమిశయాలు, నీటి ఒడ్డు సీమలలో తిరిగేవి ఆనూపాలు, నీటిలో ఉండేవి వారిశయాలు, నీటిపై సంచరించేవి వారిచరాలు, మెట్టనేలలలో తిరిగేవి జాంగలాలు, కాళ్లతో చెదరగొట్టి తినేవి విష్కిరాలు, ముక్కుతో పొడిచి తినేవి ప్రతుదాలు. ఈ ఎనిమిదింటిలో కొన్ని నివాసాన్ని బట్టి, కొన్ని తినే తీరును బట్టి ఏర్పడినవి. ప్రసహవర్గంలో సింహం, పెద్దపులితో పాటు ఆవు, గుర్రం, ఒంటె కూడా ఉండటం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. శాస్త్రకారుడు ఇక్కడ చూసింది ఆ ప్రాణి ఏమి తింటుందని కాదు, ఎలా తింటుందని.

ఆనూపవర్గంలో ఖడ్గమృగం, మహిషం, ఏనుగు, వరాహం చోటు చేసుకున్నాయి. జాంగలవర్గంలో ఏణం, హరిణం, పృషతం, కురంగం మొదలైన లేడిజాతులు ఉన్నాయి. ఈ పేర్లలో కొన్ని ఏ జంతువులకు చెందుతాయన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నా, విభజన సూత్రం మాత్రం సందేహాతీతం. సుశ్రుతసంహిత దీనిని మరింత సూటిగా చెప్పింది. అది మాంసాలన్నింటినీ జాంగలం, ఆనూపం అనే రెండు మహావర్గాల కింద చేర్చి, మొదటిదానిలో ఎనిమిది, రెండవదానిలో ఐదు ఉపవర్గాలను ఏర్పరచింది. ఏనుగు, ఖడ్గమృగం, మహిషం అందులో ‘కూలచరాలు’, అనగా ఏటి గట్లను ఆశ్రయించి తిరిగేవి. సింహం, పులి, తోడేలు ‘గుహాశయాలు’.

చరకుని వివరణలో మరొక అంశం ప్రత్యేకించి పేర్కొనదగినది. మేకను, గొర్రెను ఆయన ఏ వర్గంలోనూ నిశ్చయంగా చేర్చలేదు. అవి రెండు రకాల నేలల్లోనూ మేస్తాయి కనుక వాటి మూలాన్ని నిర్ణయించలేమన్నాడు. మేసే నేలయే జంతువు వర్గాన్ని నిర్ణయిస్తుందని, నేలలు కలిసినప్పుడు వర్గం కూడా అస్పష్టమవుతుందని దీని భావం.

ఈ గ్రంథాల లక్ష్యం జంతుశాస్త్రం కాదు, వైద్యం. జాంగలమాంసం తేలికైనదని, ఆనూపమాంసం బరువైనదని చెప్పి, రోగి తత్త్వాన్ని బట్టి ఆహారాన్ని నిర్ణయించడం వాటి ఉద్దేశం. అయినప్పటికీ నేల స్వభావం గడ్డిలోకి, గడ్డి నుంచి మృగంలోకి, మృగం నుంచి మనిషిలోకి ప్రవేశిస్తుందన్న భావన వీటికి పునాదిగా ఉంది. ఫ్రెంచి పండితుడు ఫ్రాన్సిస్ జిమ్మర్‌మన్ 1982లో ప్రచురించిన గ్రంథంలో ఈ అంశాన్ని సవిస్తరంగా చర్చించి, జాంగల పదానికి కలిగిన అర్థవిపర్యయం వైపు విద్వాంసుల దృష్టిని మళ్లించాడు. ధర్మశాస్త్రాలలోనూ ఈ భూవిభజన ఛాయ కనిపిస్తుంది. కృష్ణసారమృగం సహజంగా సంచరించే నేల యజ్ఞార్హమని మనుస్మృతి నిర్ణయించింది. ఒక దేశపు యోగ్యతను అక్కడ మేసే జింకను బట్టి నిర్ణయించడం గమనార్హం.

తెలుగు రైతుకు ఈ భేదం కొత్త కాదు. మెట్ట, మాగాణి అనే రెండు మాటలలో అతడు నేలనూ, నీటినీ, పంటనూ, పశువుల మేతనూ కలిపి చెప్పగలడు.

గడ్డి ఎత్తు, దేహ పరిమాణం

ప్రాచీనులు గమనించిన ఈ భేదానికి కారణాలను ఆధునిక జీవశాస్త్రం అన్వేషించింది. చిన్న దేహం గల జంతువుకు ప్రతి కిలో బరువుకు ఎక్కువ శక్తి అవసరం. అయితే మేతను ఎక్కువసేపు నిలువ ఉంచుకొని జీర్ణించుకొనే చోటు దాని కడుపులో ఉండదు. అందువల్ల అది లేత చిగుళ్లు, కాయలు, పోషకాలు గల గడ్డి మొనలు ఏరుకొని తింటుంది. పెద్ద దేహం గల జంతువుకు మొత్తంమీద ఎక్కువ మేత కావాలి కాని, ముదురు గడ్డిని సైతం నెమ్మదిగా జీర్ణించుకోగలదు. పీటర్ జార్మన్ ఆఫ్రికా ఖండపు లేడిజాతులపై 1974లో ప్రచురించిన పరిశీలనలో ఈ సూత్రాన్ని విస్తరించి, దేహ పరిమాణం, మేత, నివాసం, మంద పరిమాణం పరస్పరం ముడిపడి ఉన్నాయని నిరూపించాడు. దట్టమైన పొదలలో ఏరుకొని తినే చిన్న జాతులు ఒంటరిగానో, జంటగానో ఉంటాయి. బయలులో గడ్డి మేసేవి మందలు కడతాయి; దాగడానికి చాటు లేనిచోట అనేక కళ్లు కలిసి కాపలా కాయడమే వాటికి రక్షణ.

రాయలసీమ మెట్ట మైదానాల నుంచి నల్లమల కొండల వైపు నడిచే బాటసారికి ఈ క్రమం వరుసగా గోచరిస్తుంది. పొట్టి గడ్డి మైదానం కృష్ణజింకది. మగదానిని ఇఱ్ఱి అని, ఆడదానిని లేడి అని తెలుగువారు పిలిచారు. దాని బలం చూపులోను, పరుగులోను ఉంది కనుక చెట్లు చిక్కబడినచోట అది నిలువదు. రాళ్లు, ముళ్లపొదలు గల నేలలో చింకారా ఆకులు, చిగుళ్లు మేస్తూ చాలాకాలం నీరు తాగకుండా గడపగలదు. పొదలూ గడ్డీ కలిసిన చోట మనుబోతు రెండింటినీ తింటుంది. అడవి అంచున, నీటికి దగ్గరగా చుక్కల దుప్పి మందలుగా మేస్తుంది; ఎండాకాలంలో కొండముచ్చులు చెట్లపై నుంచి రాల్చిన ఆకులు, కాయల కోసం వాటి కింద చేరుతుంది. దట్టమైన వాలులలో కణితి చిన్న గుంపులుగా, ఎక్కువగా రాత్రివేళ సంచరిస్తూ ఆకులను, గడ్డిని తింటుంది. ఇవన్నీ ఒక్కరోజు నడకలో కనిపించే జంతువులే. అయినా వీటిలో ఏ రెండింటి మేతా, నీడా, నీటి అవసరమూ పూర్తిగా ఒకటి కావు.

ఆనూపసీమలో క్రమం వేరు. బ్రహ్మపుత్ర వరదమైదానంలో ఏనుగును సైతం మరుగుపరచే ఎత్తైన గడ్డి ఖడ్గమృగానికి ఆధారం. దాదాపు రెండు టన్నుల దేహం గల ఆ మృగం పై పెదవితో పొడవైన గడ్డిని చుట్టి లాక్కుని తింటుంది. అడవిగేదె బురదమడుగులను విడిచి దూరం పోలేదు. ఏటేటా వచ్చే వరదయే అక్కడ చెట్లు అల్లుకోకుండా గడ్డిని నిలుపుతుంది.

వేటాడే మృగాల ఎల్లలు

మాంసాహార మృగాల మధ్య కూడా ఇటువంటి విభజన ఉంది. కర్ణాటకలోని నాగరహోళె అడవిలో ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ జరిపి 1995లో ప్రచురించిన పరిశోధన ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. ఒకే అడవిలో పెద్దపులి, చిరుత, రేచుకుక్క కలిసి ఉండగలగడానికి వాటి ఆహారంలోని భేదం ఒక ముఖ్యకారణమని అందులో తేలింది. పులి చంపిన జంతువుల సగటు బరువు సుమారు 91 కిలోలు కాగా, చిరుత విషయంలో అది 38, రేచుకుక్క విషయంలో 43 కిలోలు. పులికి అడవిదున్న, కణితి ప్రధానం. మిగిలిన రెండింటికి దుప్పి ప్రధానం. వేటాడే వేళలో, పద్ధతిలో కూడా భేదం ఉంది. పులి, చిరుత పొంచి ఉండి ఒంటరిగా దూకుతాయి. రేచుకుక్క పగటివేళ మందగా తరుముతుంది.

సింహం, పులి, చీటాలు చరిత్రలో నేలను పంచుకొన్న తీరు మరింత ఆసక్తికరం. పులికి చాటు, నీరు అత్యవసరం. సింహం కలిసి వేటాడుతుంది కనుక ముళ్లపొదల బయలులోనూ మనగలదు. చీటాకు పరుగే ప్రాణం. జాంగలభూములలోని కృష్ణజింక, చింకారా దాని సహజమైన ఆహారం. 19వ శతాబ్ది ఆరంభం వరకు సింహం సింధు నుంచి బీహార్ వరకు విస్తరించిన పొడిసీమలలో ఉండేది. నర్మదానదిని దాని దక్షిణపు హద్దుగా సాధారణంగా పరిగణిస్తారు. ఉత్తరభారతంలో సింహం, పులి ఒకే ప్రాంతపు వృత్తాంతాలలో కనిపించినా, ఒకటి బయలును, మరొకటి నదీతీరపు పొదలను ఎక్కువగా ఆశ్రయించేవి.

ముద్రల నుంచి స్మృతుల దాకా

సింధునాగరికత ముద్రలపై పులి, ఏనుగు, ఖడ్గమృగం, గేదె కనిపిస్తాయి. సింహం కనిపించదు. కళాఖండం మృగగణన కాదు కనుక దీనిపై తొందరపడి నిర్ణయానికి రాకూడదు. అయినా ముద్రలపై కనిపించే ఈ నాలుగూ తడినేలలను, నదీతీరపు గడ్డిని, పొదలను ఆశ్రయించగల మృగాలే. నేడు ఎండిపోయి, సేద్యంలోకి మారిన సింధులోయలో అప్పట్లో ఆనూపసీమ గణనీయంగా ఉండేదని ఇవి సూచిస్తున్నాయి.

మూడు వేల సంవత్సరాల తరువాత కూడా ఆ సీమ పూర్తిగా అంతరించలేదనడానికి బాబరు స్మృతులు సాక్ష్యం. పెషావరు, హష్త్‌నగర్ పొదలలోను, సింధునదికి భీరా ప్రాంతానికి నడుమను, సరయూ తీరంలోను ఖడ్గమృగాలు విస్తారంగా ఉన్నాయని ఆయన రాశాడు. అడవి ఏనుగులు కాల్పి ప్రాంతం నుంచి మొదలై, తూర్పుకు పోయేకొద్దీ అధికమవుతాయని కూడా గమనించాడు. నేడు భారతదేశంలో ఖడ్గమృగానికి అస్సాం, ఉత్తర బెంగాల్, తరాయి ప్రాంతాలలోని కొద్ది రక్షిత స్థలాలే మిగిలాయి. 1908లో రిజర్వు అడవిగా రూపుదిద్దుకొన్న కాజీరంగాలో 2022 గణన ప్రకారం వాటి సంఖ్య 2,613. వేట ఈ జాతిని తగ్గించింది. నదీతీరపు గడ్డిభూములు పొలాలుగా మారడం దాని తిరిగి రాకను అసాధ్యం చేసింది.

జాంగలమృగాల చరిత్ర ఇంకొక తీరున నడిచింది. మొగలు చక్రవర్తులు కృష్ణజింకల వేటకు చీటాలను పట్టి, మచ్చిక చేసి వినియోగించేవారు. తన తండ్రి అక్బరు ఒక సమయంలో వేయి చీటాలను సమకూర్చాడని, వాటిని జతకట్టించాలని ఎంతో ఆశించినా ఫలించలేదని జహంగీరు రాశాడు. తన కాలంలో ఒక మగచీటా పట్టెడ తప్పించుకొని ఆడదానితో కలిసిందని, మూడు పిల్లలు కలిగాయని ఆయన ఆశ్చర్యంతో నమోదు చేశాడు. బంధనంలో సంతానం లేకపోవడం వల్ల రాజాస్థానాలు ఎప్పటికప్పుడు బయలు నుంచి కొత్త చీటాలను పట్టవలసి వచ్చింది. శతాబ్దాల పాటు సాగిన ఈ పట్టివేత ఆ జాతిని బలహీనపరచిందని చరిత్రకారులు భావిస్తున్నారు.

‘బంజరు’గా మారిన మేతభూమి

బ్రిటిషు పాలనలో నేలకు రెండు విలువలే ప్రధానమైనాయి: పన్ను చెల్లించే సాగుభూమి, కలపనిచ్చే అడవి. 1865, 1878 సంవత్సరాల అటవీ చట్టాలు రెండవదానిని రాజ్యాధికారం కిందికి తెచ్చాయి. పన్నూ, కలపా ఇవ్వని గడ్డిమైదానం దస్తావేజులలో ‘వృథాభూమి’గా, బంజరుగా నమోదైంది. జాంగలమన్న మాట దట్టమైన అడవికి పేరుగా స్థిరపడుతున్న కాలంలోనే అసలైన జాంగలభూమి విలువలేనిదిగా పరిగణింపబడటం యాదృచ్ఛికమైనా విచారకరం.

స్వాతంత్ర్యానంతరం కూడా ఈ దృష్టి త్వరగా మారలేదు. కాలువల వ్యవసాయం విస్తరించింది. 1985లో జాతీయ బంజరుభూముల అభివృద్ధి మండలి ఏర్పాటైంది; చెట్లు పెంచడం ద్వారా ఆ భూములను బాగుచేయాలన్నది నాటి ఆశయం. వంటచెరకు కొరతను తీర్చాలనే సదుద్దేశం అందులో ఉంది. కాని గడ్డినేలను అడవిగా మార్చడం అక్కడి మృగానికి మేలు కాదన్న విచక్షణ అన్నిచోట్లా లేకపోయింది. ఇంతకుముందే విదేశాల నుంచి తెచ్చి నాటిన ఒక ముళ్లచెట్టు మైదానాలను ఆక్రమించింది. తెలుగు పల్లెలు దానికి పెట్టిన పేరు ‘సర్కారు తుమ్మ’. గుజరాత్‌లో 1976లో జాతీయోద్యానంగా ప్రకటించిన వేలావదర్ గడ్డిమైదానంలో కృష్ణజింకలే దాని కాయలను తిని, పేడ ద్వారా విత్తనాలను వ్యాపింపజేస్తున్నాయని పరిశోధకులు కనుగొన్నారు. తన నివాసానికి ముప్పు తెచ్చే చెట్టును జింక తానే నాటుతున్నది.

ఈ పరిణామంలో మొదట నష్టపోయినది చీటా. కొరియా సంస్థానంలో 1947లో మూడు చీటాలను కాల్చిచంపిన తరువాత విశ్వసనీయమైన ఆధారాలు కరవై, 1952లో అది దేశంలో అంతరించినట్లు ప్రకటించారు. తోడేలు, బట్టమేకపిట్ట వంటివి అదే దారిలో క్షీణించాయి. పచ్చిక బయళ్లపై గొర్రెలను మేపుకొని బతికే కురుమ, గొల్ల కాపరుల జీవనం కూడా ఆ నేలతో పాటు కుదించుకుపోయింది.

గడ్డి తిరిగి వచ్చినప్పుడు

నష్టాన్ని సరిదిద్దవచ్చునని చెప్పే ఉదాహరణలూ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో గట్టినేలపై నివసించే బారసింగాల ఉపజాతి 1970 నాటికి 66కు పడిపోయింది. తరాయి చిత్తడినేలలలోని బారసింగాకు బురదలో దిగబడని విధంగా విచ్చుకొన్న డెక్కలుంటాయి. కాన్హా జాతికి గట్టినేలకు అనువైన డెక్కలున్నాయి. ఈ జంతువు దాదాపు పూర్తిగా గడ్డిపైనే ఆధారపడుతుంది. పైగా పసికూనలను దాచడానికి దానికి ఎత్తైన గడ్డి కావాలి. పశువుల మేత, ఏటేటా గడ్డిని తగులబెట్టడం ఆ చాటును తొలగించినప్పుడు, పొట్టి గడ్డితో తృప్తిపడే దుప్పి వృద్ధి చెందింది, బారసింగా క్షీణించింది. లోపలి గ్రామాలను తరలించిన తరువాత పాత పొలాలు గడ్డిమైదానాలుగా మారాయి. తగులబెట్టడాన్ని నియంత్రించారు. బారసింగాల సంఖ్య క్రమంగా అనేక వందలకు పెరిగింది. ఈ విజయం వెనుక ఊళ్లను విడిచివెళ్లిన కుటుంబాల త్యాగం ఉందన్న సంగతిని విస్మరించరాదు.

గిర్ అనుభవం మరొకటి. జూనాగఢ్ నవాబుల రక్షణలో మిగిలిన కొద్దిపాటి సింహాలు చాలాకాలం మాల్ధారీల పశువులపైనే ఎక్కువగా ఆధారపడేవి. 1970ల తరువాత మేత ఒత్తిడి తగ్గి, దుప్పులు, కణితులు పెరిగినకొద్దీ వాటి ఆహారం అడవి జంతువుల వైపు మళ్లింది. 2025 గణనలో గుజరాత్ సింహాల సంఖ్య 891. మృగం మారలేదు, దాని ముందున్న మేత మారింది.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీటాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తీసుకొచ్చారు. కొన్ని మరణించాయి, ఇక్కడే పుట్టిన పిల్లలూ ఉన్నాయి. ఈ ప్రయత్నం ఫలితాన్ని నిర్ణయించడానికి కాలం పడుతుంది. ఒక అంశం మాత్రం స్పష్టం. అడవి అంచున దుప్పులను వేటాడి కొన్ని చీటాలు బతకవచ్చు గాని, ఆ జాతి దేశంలో స్థిరపడాలంటే బయలు కావాలి, ఆ బయలులో లేళ్లు కావాలి.

రోళ్లపాడు చెప్పే సంగతి

ఈ చర్చకు తెలుగునేలపై ఒక చిన్న ప్రతిరూపం ఉంది. నాటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యాన్ని ఏర్పరచారు. గడ్డి కాపాడబడటంతో కృష్ణజింకలు వృద్ధి చెంది చుట్టుపక్కల పొలాలలోకి వచ్చాయి. పంట కోల్పోయిన రైతు బాధ న్యాయమైనది. మరోవైపు ఎవరి కోసం ఆ నేలను కాపాడదలచారో ఆ పక్షి మాత్రం దాదాపు కనుమరుగైంది. రక్షిత స్థలం చిన్నదై, దాని చుట్టూ ఉన్న మెట్టభూమి స్వరూపమే మారిపోయినప్పుడు కంచె లోపలి గడ్డి ఒక్కటే చాలదు. జింకకు కంచె వెలుపల మేతభూమి లేనప్పుడు పంటపొలమే దానికి మేతభూమి అవుతుంది.

రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ 2014లో చుక్కల దుప్పిని రాష్ట్రజంతువుగా ఎంచుకొంది. ఆంధ్రప్రదేశ్ 2018లో కృష్ణజింకను నిలుపుకొంది. ఒకటి అడవి అంచుది, మరొకటి బయలుది. సామాన్యంగా రెండింటినీ జింక అనే ఒక్క మాటతోనే పిలిచినా, ఒకదానికి మేలుచేసే పని మరొకదానికి కీడు చేయవచ్చు. చెట్లు నాటడం దుప్పికి నీడనిస్తే, అదే పని మైదానంలో ఇఱ్ఱి చూపునకు, పరుగుకు అడ్డమవుతుంది.

కనుక మృగరక్షణలో మొదటి ప్రశ్న ఏ జంతువును కాపాడాలన్నది కాదు. ఏ నేలను ఏ పేరుతో నమోదు చేశామన్నది. బంజరు అని రాసిన చోట పొలమో, తోటో, కర్మాగారమో రావడానికి ఒక్క ఉత్తర్వు చాలు. అదే చోటును మేతభూమిగా, గడ్డిమైదానంగా గుర్తిస్తే దానిపై ఆధారపడిన లేడికి, తోడేలుకు, గొర్రెల కాపరికి కూడా దస్తావేజులో ఒక చోటు ఏర్పడుతుంది. చరకుడు వైద్యుని కోసం రాసిన జాంగల, ఆనూప విభజన నేటి భూమి దస్తావేజులను రూపొందించేవారికి కూడా పనికివచ్చే పాఠమే.